హరిశ్చంద్రుని మాట – చంద్రమతి ఋణము



నిర్వాహకులు మాకు ఇచ్చిన విషయము గృహస్థధర్మము. స్మృతులలో దానిని గురించి ఏమున్నదో వరుసగా చెప్పుకొనిపోవుట మాకు సులభమే. డెబ్బది యేండ్లు దాటిన మాకు వచ్చిన విద్య అదియొక్కటే. అయినను నేడు మేము మిమ్ములను నాటకరంగము వద్దకు తీసికొనిపోవలెనని తలచినాము. ఎందుకనగా, మన తెలుగునాట వేదము చదివిన ఇండ్లు ఊరికి రెండో మూడో ఉండెడివి. నాటకము చూడని ఇల్లు లేదు. భర్త యెట్లు నడువవలెను, భార్య యెట్లు నడువవలెను, ఇచ్చిన మాట యనగానేమి అను పాఠములను మన పెద్దలు చాలమంది నేర్చుకొన్నది శ్రీరామనవమి పందిళ్ళలో తెల్లవార్లు కూర్చుండి చూచిన పద్యనాటకములవలననే.

అది 1964వ సంవత్సరము. మాకు పదునాలుగేండ్లు. గోదావరి పాయ ఒడ్డున ఒక అగ్రహారములో గురువుగారి ఇంట తైత్తిరీయశాఖ సంథ చెప్పుకొనుచున్నాము. ప్రక్క ఊరిలో హరిశ్చంద్ర నాటకము వేయుచున్నారని తెలిసినది. బ్రహ్మచారి నృత్యగీతములకు దూరముగా ఉండవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. ఆ సంగతి మాకు తెలిసియే, నలుగురు పిల్లలము గురువుగారు నిద్రించిన తరువాత పెరటి తలుపు తీసికొని గట్టువెంబడి పోయినాము.

పెట్రోమాక్సు దీపముల వెలుతురు, హార్మోనియము శ్రుతి, ఒక్కొక్క పద్యమునకు వన్స్‌మోరు కేకలు. ఆ రాత్రి ఆడినది బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు 1912లో రచించిన సత్యహరిశ్చంద్రీయము. కాటిసీను వచ్చుసరికి కోడి కూయు వేళయైనది. హరిశ్చంద్ర పాత్రధారి జాషువాకవిగారి శ్మశానవాటి పద్యములు అందుకొన్నాడు. అవి మూలనాటకములోనివి కావు. అయినను అవి లేని కాటిసీను తెలుగువారికి రుచించదు. పిమ్మట చంద్రమతి కుమారుని శవమును మోసికొని వచ్చినది. కాటికాపరి సుంకము అడిగినాడు. ఆమె వద్ద ఏమియు లేదు. మెడలో తాళిబొట్టు ఉన్నదిగదా, దానినైనను ఇమ్మన్నాడు. ఆ మాంగల్యము భర్తకు తప్ప అన్యులకు కనబడదని ఆమెకు వరము. కాటికాపరి ఎవరో ఆమెకు అప్పుడు తెలిసినది. పందిరియంతయు ఒక్కసారి ఏడ్చినది. మేమును ఏడ్చినాము.

తెల్లవారి సంథకు కూర్చుండగానే గురువుగారు మా ఎర్రని కన్నులు చూచి, "ఏమిరా, రాత్రి కాశీకి పోయి వచ్చినారా?" అన్నారు. మేము తలలు వంచుకొన్నాము. కొట్టుదురేమో అనుకొన్నాము. వారు కొట్టలేదు. "హరిశ్చంద్రుడు విశ్వామిత్రుని ఋణము దేనితో తీర్చినాడో చెప్పుడు" అని అడిగినారు. మాలో పెద్దవాడు, "సత్యముతో తీర్చినాడండీ" అన్నాడు. గురువుగారు తల అడ్డముగా ఊపి, "సత్యముతో కాదురా, మొదట భార్యతో తీర్చినాడు" అన్నారు. కొంతసేపు ఊరకుండి, "పన్నెండుమంది పిల్లలకు అన్నము పెట్టి వేదము చెప్పెదనని నేను ఈ ఊరిలో మాట ఇచ్చినాను. ఆ మాటను నిలబెట్టుచున్నదెవరో వంటయింటిలోనికి పోయి చూచి రండి. పిమ్మట ఒక్కొక్క పనస ఇరువదిసార్లు వల్లెవేయుడు" అన్నారు.

మేము పోయి చూచినాము. అమ్మగారు తడికట్టెలతో పొయ్యి ఊదుచు కన్నులు తుడుచుకొనుచున్నారు. మాకు అప్పుడు ఏమియు అర్థము కాలేదు. పనసలు మాత్రము ఇరువదిసార్లు వల్లెవేసినాము. గురువుగారి మాట అర్థమగుటకు మరి ఇరువదియేడేండ్లు పట్టినది. ఆ సంగతి చివర మనవి చేయుదుము.

ఈ కథకు మూలమును కొంచెము పరిశీలింతము. హరిశ్చంద్రుడు మనకు మొదట కనబడునది ఐతరేయ బ్రాహ్మణములో. అక్కడ ఆయనకు నూరుగురు భార్యలు, అయినను సంతానము లేదు. పుత్రుడు కలిగినచో అతనితోనే యజింతునని వరుణునకు మాట ఇచ్చినాడు. రోహితుడు పుట్టినాడు. తండ్రి ఏదో ఒక సాకుతో వాయిదాలు వేసినాడు. కుమారుడు పెద్దవాడై అడవికి పోయినాడు. కడకు అజీగర్తుడను బ్రాహ్మణునకు నూరు గోవులిచ్చి, ఆయన నడిమి కుమారుడైన శునశ్శేపుని కొనితెచ్చినారు. పెద్దవానిని ఇవ్వనని తండ్రి అన్నాడు, చిన్నవానిని ఇవ్వనని తల్లి అన్నది, నడిమివాడు అమ్ముడుపోయినాడు. దేవతల దయవలన శునశ్శేపుడు బ్రతికినాడు, అది వేరు సంగతి. మనము గమనింపవలసినది, మాట ఇచ్చినవాడొకడు, యూపస్తంభమునకు కట్టబడినవాడు మరియొకడు.

మనము నాటకములో చూచు కథ మార్కండేయ పురాణమునకు దగ్గర. అక్కడ రాణి పేరు శైబ్య. మన గౌరనకవి ద్విపదలోను, మన రంగస్థలముమీదను ఆమె చంద్రమతి. పురాణములో కథ ప్రారంభమైనది స్త్రీల ఆక్రందనముతో. వేటకు పోయిన రాజునకు "రక్షింపుము" అను స్త్రీల కేకలు వినబడినవి. అవి విశ్వామిత్రుడు తపస్సుచేత వశపరచుకొనుచున్న విద్యల కేకలని ఎరుగక, ఆర్తులను కాపాడుట రాజధర్మమని ఆయన పరుగెత్తినాడు. ముని కోపించినాడు. దానమీయవలసినదని అడిగినాడు. రాజు సర్వస్వమును ఇచ్చినాడు. ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. ఆ దానములోనుండి భార్యయు, కుమారుడును, తన శరీరమును మినహాయింపబడినవి. అనగా భార్య రాజ్యమువంటి సొత్తు కాదని దానము పుచ్చుకొన్న ముని నోటనే తేలినది. ఆ తరువాత రాజసూయదక్షిణ మిగిలినది. దానికి నెలదినములు గడువు. రాజ్యము పోయినవాని వద్ద ధనమెక్కడిది? గడువు నాటికి కాశీలో ఏమి చేయవలెనో ఆయనకు తోచలేదు.

అప్పుడు శైబ్య ఏడ్చుచు నోరు విప్పినది. తనకు పుత్రుడు కలిగినాడు కనుక, తనను అమ్మి మునికి దక్షిణ చెల్లింపుమని ఆమెయే చెప్పినది. ఆ మాట వినినంతనే హరిశ్చంద్రుడు మూర్ఛపోయినాడు. తేరుకొని అంగడివీథిలో నిలిచి భార్యను అమ్మకమునకు పెట్టునపుడు, ఇట్టి పని చేయు తాను మనుష్యుడను కానని తన్నుతాను నిందించుకొన్నాడు. కొన్న బ్రాహ్మణుడు ఆమెను జుట్టుపట్టి ఈడ్చినాడు. బిడ్డ కొంగు పట్టుకొని విడువలేదు. ఆ స్థితిలోకూడ ఆమె, బిడ్డనుకూడ కొనుమని ఆ బ్రాహ్మణుని వేడుకొన్నది. అప్పటికిని దక్షిణ పూర్తికాలేదు. హరిశ్చంద్రుడు తన్నుతాను చండాలునకు అమ్ముకొన్నాడు.

ఈ అమ్మకమును మహాభారతములోని ద్యూతసభతో పోల్చి చూడుడు. ధర్మరాజు ద్రౌపదిని అడుగలేదు. కనుకనే ఆమె ప్రశ్న వేసినది: నన్ను ఓడుటకు ముందు తన్ను ఓడినాడా, లేక ముందు నన్నే ఓడినాడా? భీష్మునంతవాడు ధర్మము సూక్ష్మమన్నాడే గాని సమాధానము చెప్పలేకపోయినాడు. వికర్ణుడు ఆమె పక్షమున మాట్లాడినాడు. హరిశ్చంద్రుని కథలో ఆ ప్రశ్న పుట్టకపోవుటకు కారణమున్నది. ఆ మాట ఆమె నోట ముందు వచ్చినది. ఆయన దానిని తన హక్కుగా తీసికొనలేదు; తన పాపముగా తీసికొన్నాడు. ఆమెను దాసిగా పంపి తాను సుఖముగా ఉండలేదు. తానును శ్మశానములో దాసుడైనాడు. కడకు బిడ్డ చితిమీద ఇరువురును కలిసి ప్రవేశింపదలచినారు. ఈ నాలుగును ఉన్నవి కనుకనే అది ధర్మకథయైనది. ఈ నాలుగింటిని తీసివేసి, "చంద్రమతివలె భర్త మాట నిలుపవలెను" అని మాత్రము మన ఆడుబిడ్డలకు చెప్పినచో, అది మార్కండేయ పురాణము కాదు, మన సౌకర్యము.

మన నటులు ఈ సంగతి ఎరిగినవారు. ఆ రోజులలో స్త్రీపాత్రలను చాలవరకు పురుషులే ధరించెడివారు. బాపట్లవారైన స్థానం నరసింహారావుగారు 1920లో మొదటిసారి రంగమెక్కినది చంద్రమతిగానే. ఆనాటి పాత్రధారి రాకపోగా ఆ వేషము వారికి దక్కినదని చెప్పుదురు. తరువాత సత్యభామగా, చింతామణిగా ఆంధ్రదేశమునంతను మురిపించి, 1956లో పద్మశ్రీ పొందినారు. కూచిపూడి భాగవతుల ఇండ్లలో పుట్టిన మగబిడ్డ జీవితములో ఒక్కసారియైన సత్యభామ వేషము కట్టవలెనని సంప్రదాయము. ఇక 1885లో కడప మండలమందలి సురభి గ్రామములో కీచకవధతో ఆరంభమైన సురభి నాటకసమాజములో, వనారస గోవిందరావుగారి కాలమునుండి కుటుంబమునకు కుటుంబమే రంగమెక్కినది. అక్కడ స్త్రీలే స్త్రీపాత్రలు ధరించినారు. మేము ఆలోచించునది ఒక్కటి. పురుషుడు చీర కట్టుకొని చంద్రమతియై ఏడ్చుటకు ముందు ఆమె దుఃఖము ఏమిటో తన గుండెలో వెదకుకొనవలెనుగదా! ఒక్క రాత్రియైనను పురుషుడు ఆమె స్థానములో నిలిచి చూచుట చిన్న సాధన కాదు. వేషము కట్టని గృహస్థులమైన మనము ఆ సాధన ఎన్నడు చేసినాము?

చంద్రమతి అమ్మకమును చూచి ఏడ్చిన సంఘమే వెలుపల ఏమి చేసినదో మరి రెండు నాటకములు చూపినవి. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరములో తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. అందులో అగ్నిహోత్రావధానులు చిన్నకూతురిని ధనము పుచ్చుకొని ముసలి లుబ్ధావధానులకు ఇచ్చుటకు మాట ఇచ్చినాడు. తల్లి వెంకమ్మ వలదని మొత్తుకొని నూతిలో దూకినది. ఆమెను బయటకు తీసినారు గాని ఆమె మాట ఎవరికిని పట్టలేదు. ఆ అవధానులు మావంటి వేదపాఠకుడేనని మేము సిగ్గుతో చెప్పుచున్నాము. కన్యకు శుల్కము పుచ్చుకొనుట సంతానమును అమ్ముకొనుటయేనని మనువు స్పష్టముగా నిషేధించినాడు. వేదమును కంఠమునందు ఉంచుకొన్నవారే దానిని చేసినారు. "శాస్త్రము చెప్పలేదా?" అని గురజాడవారిమీద కోపగించుటకు మాకు అర్హత లేదు. శాస్త్రము చెప్పినది, మేము వినలేదు.

కాలము మారినది. కన్య వెల పోయి వరుని వెల వచ్చినది. కాళ్ళకూరి నారాయణరావుగారి వరవిక్రయములో పురుషోత్తమరావు కూతురు కాళింది, తన పెండ్లి కట్నమునకై తండ్రి ఆస్తిని అమ్ముకొనుట చూడలేక నూతిలో పడి ప్రాణము విడిచినది. చెల్లెలు కమల అదే సంబంధమునకు ఇచ్చి చేయబడి, డబ్బిచ్చి కొన్న వరుడు కనుక తమ సొత్తేనని అత్తమామలను నిలదీసినది. ప్రేక్షకులు చప్పట్లు కొట్టినారు. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. అయినను కట్నము పుచ్చుకొనని ఇండ్లను ఈ ఊరిలో లెక్కించుటకు మనకు చేతివ్రేళ్ళు చాలునా, చాలవా అని ఎవరికి వారు ప్రశ్నించుకొనవలెను.

భార్యను అమ్మిన కథ, కూతురిని అమ్మిన కథ, కొడుకును అమ్మిన కథ – ఈ మూడింటిలోను మాట ఇచ్చినవాడు ఇంటి యజమాని. ఆ మాటకు వెల చెల్లించినది ఆ ఇంటి స్త్రీ. రెండు నూతులు, ఒక శ్మశానము.

ఇంతవరకు ఇతరుల కథలు చెప్పినాము. ఇక మా కథ చెప్పవలసియున్నది. 1991లో మా సహాధ్యాయి ఒకరు అకాలముగా కాలధర్మము చెందినారు. ఆయన కుమార్తెకు వివాహము కుదిరియున్నది. ఒక వేదసభలో పెద్దలు ఈ సంగతి ప్రస్తావింపగా, మేము ఆవేశముతో లేచి, పదివేల రూపాయలు మేమిత్తుమని అందరి ఎదుట పలికినాము. మా వద్ద పదివందలు లేవు. పండితులు చప్పట్లు కొట్టినారు. ఇంటికి వచ్చి, గడువు దగ్గరపడిన తరువాత మాత్రమే మా గృహిణికి చెప్పినాము. ఆమె ఏమియు అనలేదు. లోపలికి పోయి, పుట్టింటివారు పెట్టిన నాలుగు కాసుల గొలుసు తీసి పీటమీద ఉంచినది. దానిని అమ్మి మాట నిలుపుకొన్నాము. పెండ్లి పందిరిలో మాకు శాలువ కప్పి, ఆధునిక హరిశ్చంద్రులని ఒకరు పొగడినారు. మేము తల యెత్తి చూడగా, ఆడువారి వరుసలో మా గృహిణి మెడలో పసుపుతాడుతో కూర్చుండియున్నది. మాకు గురువుగారి ప్రశ్న జ్ఞాపకము వచ్చినది. శాలువ భుజముమీద నిప్పువలె ఉన్నది.

ఆ రాత్రి ఆమె ఒక్కమాట అన్నది. "మాట ఇచ్చేముందు నన్ను ఒక్కమాట అడిగియుంటే, నేనే సంతోషముగా ఇచ్చియుందునుగదండీ. అప్పుడది నా దానము కూడ అయ్యెడిది. ఇప్పుడు మీ ఋణము మాత్రమే అయినది." మాకు బదులు తోచలేదు. శాస్త్రములో మాకు తప్పించుకొను మార్గమున్నది. దుర్భిక్షములో, ధర్మకార్యములో, వ్యాధిలో, నిర్బంధములో భర్త తీసికొన్న స్త్రీధనమును తిరిగి ఇయ్యనక్కరలేదని యాజ్ఞవల్క్యస్మృతి. మేము చేసినది ధర్మకార్యమే. కాని ఆ వాక్యమును ఆ రాత్రి ఆమెకు చెప్పుటకు మాకు నోరు రాలేదు. ధర్మమునకై తీసికొనవచ్చుననుట వేరు, ఆమెను అడుగకుండ ఆమె ధర్మమును మనమే చేసివేయుట వేరు.

ఎందుకనగా, వివాహవేళ కన్యాదాత అడుగగా వరుడు "నాతిచరామి" అని పలుకుచున్నాడు. ధర్మమునందును, అర్థమునందును, కామమునందును ఈమెను అతిక్రమించి నడువనని దాని భావము. ఈ ప్రమాణము చేయునది వధువు కాదు, వరుడు. మన పెండ్లిండ్లలో సన్నాయి ధ్వనిలో ఆ మాట ఎవరికిని వినబడదు, చెప్పినవానికికూడ వినబడదు. భార్యనడుగక సొమ్ము మాట ఇచ్చిన నాడే మేము అర్థమునందు ఆమెను అతిక్రమించినాము. హరిశ్చంద్రులమనుకొన్న నాడే మా మొదటి మాట తప్పినాము. సప్తపదిలో ఏడవ అడుగుతో ఆమె మనకు సఖి యగుచున్నది. పత్ని పురుషునిలో సగమని మా తైత్తిరీయశాఖ చెప్పుచున్నది. పత్ని లేనివానికి యజ్ఞాధికారమే లేదు. నిత్యము సంకల్పములో "ధర్మపత్నీసమేతస్య" అని చెప్పుకొనుచునే ఉన్నాము. కన్యాదానమునాడు ఆమె నీరు పోసిననే దానము సాగును. ఇన్నిచోట్ల శాస్త్రము ఆమెను ప్రక్కన నిలబెట్టగా, మనము మాట ఇచ్చు చోట మాత్రము ఆమెను వెనుక వరుసలో కూర్చుండబెట్టుచున్నాము.

కనుక గృహస్థులైన సోదరులకు మా విన్నపము ఇది. దానము చేయుడు, మాట ఇయ్యుడు, ఇచ్చిన మాటను ప్రాణము పోయినను నిలుపుకొనుడు. హరిశ్చంద్రుని మార్గము మనకు శిరోధార్యము. కాని మాట ఇచ్చుటకు ముందు ఇంటికి పోయి అడుగుడు. చందా వ్రాయుటకు ముందు, బంధువులకు హామీ ఉండుటకు ముందు, పదిమందిని భోజనమునకు పిలుచుటకు ముందు, కూతురికి సంబంధము ఖాయము చేయుటకు ముందు అడుగుడు. ఆమె కాదన్నచో కారణము వినుడు. ఔనన్నచో ఆ పుణ్యములో సగము కాదు, పూర్తిగా ఆమెకును ఉన్నదని తెలిసికొనుడు. తల్లులారా, మీకును ఒక మాట. చంద్రమతి మౌనముగా ఉండలేదు. కాశీవీథిలో మొదట నోరు విప్పినది ఆమెయే. మీ మనస్సులో ఉన్నది చెప్పుట పాతివ్రత్యమునకు విరుద్ధము కాదు.

కొన్నేండ్లకు మాకు వచ్చిన సంభావనలు కూడబెట్టి ఆ గొలుసు తిరిగి చేయించినాము. ఆమె ఒక్కనాడు ధరించి, మా కోడలి మెడలో వేసినది. ఈసారి ఆమె మమ్ములను అడిగియే ఇచ్చినది. ఈ సంగతి మీకు చెప్పవచ్చునా అని ఈ ఉదయము ఆమెను అడిగినాము. "చెప్పండి, కాని గొలుసు నాలుగు కాసులే, సభలో ఐదని చెప్పకండి" అన్నది. నాలుగే చెప్పినాము.

శ్రీ స్వామివారు మీ ఇండ్లలో సత్యమును, దానితోపాటు ఆ సత్యమునకు వెల చెల్లించువారి యెడల గౌరవమును నిలుపుగాక. స్వస్తి.